మూడోసారి అడగని అయ్యగారు

అధ్యక్ష స్థానంలో కూర్చున్న, ఈ చుట్టుపక్కల సంఘాలన్నిటికీ పెద్దయిన డీనరీ ఛైర్మన్ రెవరెండ్ హరినాథ్ గారికీ, రేపు పొద్దున మమ్మల్ని విడిచిపెట్టి బదిలీ మీద కణేకల్ పోతాండే మా అయ్యగారు రెవరెండ్ జ్ఞానమిత్రం గారికీ, అమ్మగారికీ, సంఘ కార్యదర్శి వనజాక్షమ్మకూ, సంఘ పెద్దలకూ, స్త్రీల మైత్రి వాళ్ళకూ, పిలవకపోయినా బిర్యానీ ఉండాదని తెలుసుకొని రైల్వే కాలనీ నుంచి వచ్చిన నా పాత స్నేహితులకూ (నవ్వులు), ఈ శామ్యూల్ తిప్పయ్య వందనాలు.

నన్ను ఎరగనోళ్ళు ఈ గుంతకల్లులో ఎవరుంటారు గానీ, ఛైర్మన్ గారు కొత్త కాబట్టి చెప్తాండా. నేను రిటైరైన లోకో పైలట్‌ని. మా కాలంలో డ్రైవరనేవాళ్ళు, నాకు ఆ మాటే ఇష్టం. ఈ సంఘంలో పుట్టినా, ఈ సంఘంలోనే పెండ్లి చేసుకున్నా. ఈడ వినయానికి పేరు పొందినవాణ్ణి. (నవ్వులు) చూసినారా ఛైర్మన్ గారూ, పెద్దవాళ్ళకు ఈ సంఘంలో ఉండే మర్యాద ఇదీ. అందరికంటే గట్టిగా నవ్వింది మా ఆవిడ రూతమ్మ. అదో, మూడో వరసలో.

పోయిన వారం వనజాక్షమ్మ మా ఇంటికొచ్చి, "అన్నా, అయ్యగారి వీడ్కోలు సభలో సంఘం తరఫున నువ్వు మాట్లాడల్ల" అనింది. నేను ఒక్కసారి కూడా వద్దనలే. "సరేమ్మా" అంటి. ఆయమ్మ చేతిలో కాఫీ కాస్తా చీర మీద ఒలికింది. (నవ్వులు) ఎందుకొలికిందో మీకు తెలుసు, ఛైర్మన్ గారికి తెలీదు. అది చెప్పేదానికే ఈ పొద్దు మైకు పట్టుకున్నా. అది చెప్పినంక అయ్యగారిని ఒకటి అడగల్ల. రేపు ఆయన జీపెక్కితే మళ్ళీ అడిగేదానికి నాకు సందు దొరకదు. కాబట్టి బిర్యానీ వాసనొస్తాందని ఎవరూ లేవద్దండప్పా.

అయ్యా, మా సంఘంలో వినయం శానా జాస్తి. ఈ సీమలో వానలకు కరువొచ్చింది, బోర్లలో నీళ్ళకు కరువొచ్చింది, వినయానికి మాత్రం ఎన్నడూ రాలే. విందుకు పోతే కడగొట్టు చోట కూర్చోండి, పిలిచినాయనే వచ్చి మిమ్మల్ని పైకి తీసుకుపోతాడని ప్రభువు చెప్పినాడు కదా. మా వాళ్ళు అది గట్టిగా పట్టుకున్నారు. ఆదివారం వస్తే కడగొట్టు బెంచీ కోసం పోటీ. ఆరాధనకు గంట ముందరే వచ్చి బస్సులో సీటుకు వేసినట్ల టవల్ వేసేది. ముందర బెంచీల్లో పిచ్చుకలు కూర్చునేవి. అయ్యగారు కొత్తగా వచ్చినప్పుడు పాపం బతిమాలినాడు, "ముందుకు రండి, ముందుకు రండి" అని. ఎవరూ కదల్లే. అందర్నీ కలిపి పిలిస్తే ఎవరు పోతారప్పా? విందు పెట్టినాయన పేరు పెట్టి పిలవల్ల, నలుగురూ చూడల్ల, అప్పుడు కదా పోయేది! (నవ్వులు)

ఒక ఆదివారం ప్రార్థనలో అందరం కండ్లు మూసుకోనుంటిమి. ఆమేన్ అని తెరిస్తే ముందర అయ్యగారు లేడు. ఎవరో వెనక దగ్గినారు. తిరిగి చూస్తే, ఆయన ప్రసంగం స్టాండును చప్పుడు కాకుండా ఎత్తుకపోయి వాకిలి కాడ పెట్టుకొని నిలబడినాడు. "అందరూ ఇటు తిరగండి" అన్నాడు. అంతే, కడగొట్టు బెంచీ కాస్తా మొదటి బెంచీ అయిపాయ. టవల్ వేసి పట్టుకున్న సీటు నాది. ఆయన చేయి ఊపితే నా ముక్కుకు తగుల్తాంది. పైగా వాకిలికి ఆయనే అడ్డం కాబట్టి మధ్యలో లేచి మటన్ అంగడికి పోయేదానికి కూడా లేకపాయ. ఆ పొద్దు ఆయన వినయం గురించి ఒక్క మాట చెప్పలే. నోవహు ఓడ గురించి చెప్పినాడు, శానాసేపు చెప్పినాడు. మరుసటి వారం నుంచి జనం యాడ పడితే ఆడ కూర్చోవడం మొదలుపెట్టినారు, ఆయన యాడ నిలబడతాడో ఎవరికీ నమ్మకం లేదు కాబట్టి.

అది చిన్న వినయం. పెద్ద వినయం ఇంకొకటుంది. మా సంఘంలో ఎవరి పేరైనా పదవికి చెప్తే, ఆయన లేచి "నేను అయోగ్యుణ్ణి" అనల్ల. రెండోసారి అడిగితే "నాకంటే పెద్దలున్నారు, నన్ను విడిచిపెట్టండి" అని కండ్లకు కర్చీఫ్ పెట్టుకోవల్ల. మూడోసారి అడిగితే "సంఘం మాట కాదనలేను, దేవుని చిత్తం" అని కూర్చోవల్ల. మా తాతల నాటి పద్ధతి, ఎవరూ ఎవరికీ నేర్పించింది కాదు. బంతిలో కూర్చొని, చాలు చాలని విస్తరి మీద చేయి అడ్డం పెట్టి, వేళ్ళు మాత్రం ఎడం చేసి పెట్టుకుంటాం చూడండి, అట్లాంటిది.

నేను రిటైరైన ఏడు కార్యదర్శి పదవి ఖాళీ అయింది. నాకు తప్ప ఇంకెవరికిస్తారు? తెల్లచొక్కా కొత్తది కుట్టించుకున్నా. రూతమ్మ ఇంట్లో ఓళిగలకు పూర్ణం రుబ్బుతాంది. మీటింగులో అయ్యగారు అన్నాడు, "తిప్పయ్యన్న ఉంటే బాగుంటాదని పెద్దలంటాండారు. ఏమన్నా, చేస్తావా?" నేను లేస్తి. అయోగ్యుణ్ణంటి. "ఆలోచించన్నా, చేయగలవు" అన్నాడు. నాకంటే పెద్దలున్నారంటి, కర్చీఫ్ తీస్తి. కర్చీఫ్ వెనకాల మూడోసారికి గొంతు సవరించుకుంటాండా. అయ్యగారు ఏమన్నాడో తెలుసా? "సరేన్నా. పెద్దవాడివి, నీ మాట గౌరవిస్తాం. వనజాక్షమ్మా, నువ్వు చేస్తావా?"

ఆయమ్మ ఆసుపత్రిలో నర్సు, డ్యూటీ దిగి నేరుగా వచ్చింది. లేచి, "చేస్తానయ్యగారూ. ఉత్తరాలు రాస్తా, ఇండ్లకు పోతా, మీటింగులు పెడతా. లెక్కలు మాత్రం నాకు రావు, దానికి ఇంకెవరినైనా పెట్టండి" అని కూర్చునింది. మొదటిసారికే! గుడంతా నోరు తెరిచింది. ఇంత వినయం లేని ఆడమనిషా అని నా పక్కనున్నాయన చెవిలో గొణిగినాడు. నేను కర్చీఫ్ తీసేసరికి ఎన్నిక అయిపోయి ముగింపు పాట పాడుతాండారు. (నవ్వులు, చప్పట్లు) నవ్వమ్మా వనజాక్షమ్మా, నవ్వు. నువ్వు చేసినంత బాగా నేను చేసుండేవాణ్ణి కాదు. ఆ మాట ఈ పొద్దు ఒప్పుకుంటాండా, రేపటికి నన్ను అడగొద్దు.

ఇంటికి పోతే రూతమ్మ, "ఏమాయ?" అనింది. వద్దంటి అని చెప్పినా. "ఎన్నిసార్లు?" రెండుసార్లు. "మరి మూడోసారి?" అడగలే. ఆయమ్మ నవ్విన నవ్వుకు పక్కింటి బసప్ప గోడ మీద నుంచి తొంగి చూసినాడు. బసప్ప నా గూడ్స్ బండ్లకు గార్డుగా వచ్చినోడు, అదో ఆడ కూర్చున్నాడు, లింగం కట్టుకున్నోడైనా క్రిస్మస్ కేకు మాకంటే ఎక్కువ తింటాడు. ఓళిగలన్నీ వాళ్ళింటికే పాయ.

సాయంత్రం నేను అయ్యగారింటి మీదికి పోతి. "పద్ధతి తెలీదా మీకు? రెండుసార్లతో విడిచిపెడతారా?" అని అడిగినా. ఆయన టీ తెప్పించినాడు. టీ చేతికిచ్చి నిదానంగా అన్నాడు, "అన్నా, నువ్వు సంఘ పెద్దవి. గుడిలో నిలబడి అందరి ముందర అయోగ్యుణ్ణన్నావు. అది అబద్ధమని నేనెట్ల అనుకునేది?" నిజమంటే పదవికి పనికిరాను, అబద్ధమంటే గుడిలో అబద్ధమాడినోణ్ణి. టీ తాగి వస్తి. టీ బాగుండింది అమ్మగారూ, అది చెప్పకుండా వచ్చేస్తి అప్పుడు. (నవ్వులు)

అప్పుడే అయ్యగారు ఇంకొక మాట అన్నాడు, నాకు అది శానా ఏండ్లకు గానీ తలకెక్కలే. "వినయమంటే మనల్ని మనం తిట్టుకునేది కాదన్నా. దేవుని ముందర ఉన్నది ఉన్నట్ల చెప్పేది. మనకు వచ్చే పని వస్తాదని, రానిది రాదని. వనజాక్షమ్మ చెప్పింది అదే కదా." నాకు కోపంలో ఆ మాట వినపడలే. నాకు వినపడిందల్లా వనజాక్షమ్మ పేరు.

ఆ కోపం నేను యాడ చూపించినానంటే, కాళ్ళ కాడ. శుభ శుక్రవారానికి ముందు వచ్చే గురువారం మా గుడిలో అయ్యగారు సంఘస్తుల కాళ్ళు కడుగుతాడు, ప్రభువు తన శిష్యులకు కడిగినట్ల. ముందర వరసగా కుర్చీలేసి, పేర్లు పిలుస్తారు. ఇందులో కూడా మా వాళ్ళ వినయం చూడల్ల మీరు. అయ్యగారి చేతికి మన మురికి కాళ్ళెట్ల ఇస్తామని, ఇంట్లో సబ్బు పెట్టి, పీచు పెట్టి, బండకేసి రుద్దుకోని వస్తారు. మున్సిపాలిటీ నీళ్ళు వచ్చేదే ఎప్పుడో ఒకప్పుడు, ఆ నీళ్ళన్నీ కాళ్ళకే. ఒకాయన అత్తరు పూసుకొచ్చినాడు. కడిగింది కడిగి కడిగి అయ్యగారు ఒక ఏడు అననే అన్నాడు, "నాకు పని ఏమన్నా మిగిలించండప్పా" అని. (నవ్వులు)

నేను మాత్రం పోలే. ఆయన నా పేరు పిలిచినాడు, నేను లేవలే. బెంచీలో అట్లే కూర్చుంటి. మళ్ళీ పిలిస్తే చూద్దామనుకుంటి. ఆయన మళ్ళీ పిలవలే! నా ముఖం వంక రొంతసేపు చూసి, పక్క కుర్చీకి పోయినాడు. నా కుర్చీలో ఇంకొకరిని కూర్చోబెట్టలే, అది అట్లే ఖాళీగా ఉండింది. మరుసటేడు కూడా అంతే. పేరు పిలిచేది, ఒక్కసారి. నేను రెండో పిలుపు కోసం చెవులు రిక్కించి కూర్చునేది. ఆయన ముందుకు పోయేది. ఏటా అంతే. చిన్నపిల్లోళ్ళు కూడా "అది తిప్పయ్య తాత కుర్చీ, కూర్చోకూడదు" అనేంత వరకూ వచ్చింది.

ఒక గురువారం బసప్ప మా గుడికొచ్చి వెనక నిలబడి ఇదంతా చూసినాడు. బయటికొచ్చినంక అడిగినాడు, "ఏమప్పా, మా పెండ్లిండ్లలో కాళ్ళు కడిగి కన్యాదానం చేస్తారు. అల్లుడు పీట మీద రాజు మాదిరి కూర్చుంటాడు. కూర్చునేదానికి నీకేం రోగం? కడిగేది ఆయన, నడుం నొచ్చేది ఆయనకు." నేను కార్యదర్శి కథంతా మళ్ళీ చెప్పబోతి. "అది కాదులే, అది ఎప్పుడో సల్లారిపోయింది నీకు. ఇంకేదో ఉండాది" అన్నాడు. బసప్పా, నువ్వు గార్డువు కదా, బండి వెనక నుంచి అంతా నీకు కనపడ్తాది.

నిజం చెప్తాండా. నాకు ఒకరికి పెట్టేది అలవాటు. బండి నడిపినా, సంఘంలో చందా వేసినా, చావుకాడ పాడె మోసినా చేయి నాదే పైన. ఒకాయన నా కాళ్ళ కాడ మోకాళ్ళేసి కూర్చుంటే నేను ఏం చేయల్ల? చేతులు యాడ పెట్టుకోవల్ల? ఊరికే కూర్చొని తీసుకోవల్ల కదా. అది నాకు చేతకాదు. కడిగేదానికి ఎవరైనా వస్తారయ్యా, ఫోటో కూడా తీస్తారు. కాళ్ళిచ్చేదానికే గుండె కావల్ల. ఆ శిష్యుడొకాయన నా కాళ్ళు నువ్వు కడిగేదేందని ప్రభువుతోనే అన్నాడంట. చిన్నప్పుడు విని, అబ్బా ఎంత వినయమో అనుకుంటి. కాదు. ఆయనది గూడా నా జబ్బే.

(విరామం. మంచినీళ్ళు.)

మా అయ్యగారిలో లోపాల్లేవని కాదు. శ్రుతి లేదు. ఆయన పాట ఎత్తుకుంటే హార్మోనియం సిగ్గుపడ్తాది. కానీ ఆయనకు మాకెవరికీ రానిది ఒకటి వస్తాది. ఈస్టరుకు ముందర వచ్చే శ్రమదినాల్లో ఒక ఆదివారం "ఉపవాసముంటే సుగరు కూడా దిగుతాది, అందరూ ఉండండి" అన్నాడు. వనజాక్షమ్మ వాకిట్లో పట్టుకునింది, "అయ్యగారూ, మాత్రలేసుకునేవాళ్ళు అట్ల ఉంటే కండ్లు తిరిగి పడతారు, ముందు డాక్టర్ని అడగల్ల" అని. ఆపాటికి ఊరుకోవచ్చు కదా. మరుసటి ఆదివారం ప్రసంగానికి ముందర, "పోయిన వారం నేను తప్పు చెప్పినా. ఆరోగ్యం సంగతి నాకు తెలీదు, వనజాక్షమ్మకు తెలుసు. ఆయమ్మ చెప్పేది వినండి" అని పక్కకు తప్పుకున్నాడు. మా పెద్దలకు గుండె ఆగినంత పనాయ. పీఠం మీద నుంచే తప్పంటే రేపు మా మాట ఎవరు వింటారు? కానీ సంఘంలో సగం మంది సుగరోళ్ళం, బయటికి పోతానే అందరం ఉప్మా తింటిమి. (నవ్వులు)

ఇంక చెప్పేది నవ్వే సంగతి కాదు. మా తమ్ముని కొడుకు హర్ష బైపాస్ కాడ లారీ కింద పోయినాడు. మీరంతా వచ్చినారు. ఆ పొద్దు మా వాకిట్లో మాట్లాడేవాళ్ళకు కొదవ లేదు. బయట నుంచి వచ్చిన ఒకాయన, దేవుడు మంచి పూలనే ముందు కోసుకుంటాడన్నాడు. మా తమ్ముడు లేచి ఆయన మీదికి పోతాంటే పట్టుకుంటిమి. ఇంకొకాయన, ఇంట్లో ఒప్పుకోని పాపమేదో ఉంటాదన్నాడు. అప్పుడు మా అయ్యగారు వచ్చినాడు. నేనే అడిగినా, అందరి ముందర, కోపంగానే అడిగినా. "మీరు చదువుకున్నోళ్ళు, చెప్పండి. ఆ బిడ్డ ఎందుకు పోయినాడు?"

"నాకు తెలీదన్నా" అన్నాడు.

అంతే. చాప కూడా లేని చోట మా తమ్ముని పక్కన నేల మీద కూర్చున్నాడు. సమాధి అయ్యేంత వరకూ లేవలే. నాకు ఒళ్ళు మండిపాయ. దేవుని సంగతి ఆయనకే తెలీదంటే ఇంకెవరికి తెలుస్తాది, ఇట్లాంటాయనా మా అయ్యగారు అని. కొన్నాళ్ళకు మా తమ్ముడు అన్నాడు, "అన్నా, ఆ పొద్దు వచ్చినోళ్ళలో నా బిడ్డ గురించి నాకు అబద్ధం చెప్పంది ఆయనొక్కడే." ఆ మాట విన్నంక నాకు కొన్ని దినాలు అన్నం సరిగ్గా పోలే.

ఛైర్మన్ గారూ, ఇంజన్లో ఒక రూలుండాది. సిగ్నల్ వస్తానే డ్రైవరూ అసిస్టెంటూ ఒకరికొకరు గట్టిగా చెప్పుకోవల్ల, ఏ లైటు పడిందో. మంచులో కనపడకపోతే కనపడలేదనల్ల, బండి నిదానం చేయల్ల. ఉండొచ్చులే అని పచ్చ లైటు అన్నోణ్ణి ఇంజన్ ఎక్కనివ్వకూడదు. వెనక జనముంటారు. నా సర్వీసంతా ఎంతోమంది కుర్ర అసిస్టెంట్లకు నేను చెప్పిన పాఠమే ఇది. కనపడలేదనేదానికి నాకెన్నడూ సిగ్గు లేదు. అట్లాంటోణ్ణి, మా బిడ్డ పోయిన పొద్దు మా అయ్యగారిని మాత్రం కనపడని లైటు పచ్చగా ఉందని చెప్పమంటి. ఆయన చెప్పలే. చెప్పకపోయినందుకే ఈ పొద్దు ఆయన ముందర తలొంచుతాండా. నాకు ఆయనంటే శానా ప్రేమ. ఇన్నేండ్లు ఈడనే ఉన్నాడు, నేను ఆ మాట ఒక్కసారి కూడా ఆయనతో చెప్పలే.

అయ్యగారూ, రేపు మీరు పోతాండారు. వచ్చే ఏడు గురువారానికి కొత్తాయన వస్తాడు, కుర్చీలో ఇంకెవరినో కూర్చోబెడతాడు, అది న్యాయమే. మీరు ఏటా నన్ను ఒక్కసారే పిలిచినారు. నేను రెండో పిలుపు కోసం కాచుకున్నా. మీరు నా మొండితనాన్ని కూడా గౌరవించినారని ఇప్పుడు తెలుస్తాంది, అప్పుడు పంతమనుకుంటి. ఈ పొద్దు పిలుపు నాది. నేనూ ఒక్కసారే అడుగుతాండా. ఈ పొద్దు గురువారం కాదు, పండగ కాదు, నాకు తెలుసు. నా కాళ్ళు కడగండి అయ్యగారూ. ఈడనే, వీళ్ళందరి ముందర.

(అయ్యగారు కుర్చీలోంచి లేచారు)

ఉండండి, ఉండండి అయ్యగారూ! నన్ను ముగించనీయండి. ఛైర్మన్ గారు కప్పిన కొత్త పట్టుశాలువ అది, ధర్మవరం నుంచి తెప్పించినాం, దాన్ని తీసి నడుముకు కట్టుకుంటారేంది! (నవ్వులు) వనజాక్షమ్మా, ఒక టవల్ చూడమ్మా. బసప్పా, ఆ కుర్చీ ఇటు లాగు. రూతమ్మా, ఇంతసేపూ నవ్వి ఇప్పుడు కొంగు నోట్లో కుక్కుకుంటే ఎట్ల? నన్ను చూడు, నేను ఏడుస్తాండానా? ... సరే, ఏడుస్తాండా.

ఛైర్మన్ గారికీ, ఓపికగా విన్న మీకందరికీ నా వందనాలు. కుర్చీలో కూర్చున్నంక నాకు నోట మాట రాదు, కాబట్టి నిలబడి ఉండగానే చెప్తాండా. సెలవు.